చైన్ కొనేముందు వాచీని చదవండి

మా నాన్నగారి చేతి వాచీ నా దగ్గరికి వచ్చేసరికే దాని చైన్ బాగా సాగిపోయి ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన రోజూ పెట్టుకున్న స్విస్ వాచీ అది. నేను పెట్టుకుంటే డయల్ పక్కకు జారి మణికట్టు లోపలివైపుకు తిరిగిపోయేది. పైగా చైన్ సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుని చురుక్కుమనేది. బజారులో ఓ చిన్న షాపుకు తీసుకెళ్తే అబ్బాయి కొలత చూసి, గోడకు వేలాడుతున్న గుత్తిలోంచి ఒక చైన్ తీసి పది నిమిషాల్లో వేసిచ్చాడు. 900 రూపాయలు. తళతళలాడుతున్న ఆ చైన్ చూసి ఇంట్లో అందరూ వాచీ కొత్తదైపోయిందన్నారు.

ఎనిమిది నెలల తరవాత వాచీ ఆగిపోయింది. ఈసారి వాచీలు తప్ప వేరే పని ఎరగని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వెనక మూత తెరవకముందే చైన్ ఊడదీశారు. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ చైన్ ఎక్కడ వేయించారు సార్?"

"బజార్లోనే అండీ. ఏం, బాగోలేదా?"

"చైన్ బాగానే ఉంది. వాచీయే బాగోలేదు. ఇటు చూడండి, ఎలా కొరికేసిందో."

భూతద్దం నా చేతికిచ్చారు. వాచీ కేసుకు పైన రెండు, కింద రెండు కొమ్ముల్లా పొడుచుకొచ్చి ఉంటాయి కదా, వాటినే లగ్గులు అంటారు. వాటి లోపలి గోడల మీద గోరుతో గీరినట్టు గాడులు పడ్డాయి. కొత్త చైన్ మొదటి లింకు అక్కడ సరిగ్గా కూర్చోక, చెయ్యి కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఆడుతూ ఎనిమిది నెలల పాటు నాన్నగారి వాచీని అరగదీసింది. ఆగిపోయిన వాచీని ఆయన నాలుగు రోజుల్లో నడిపించారు. ఆ గాడులు మాత్రం ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

ఈ అధ్యాయం రాయడానికి ఆ గాడులే కారణం. ఖరీదైన వాచీకి చైన్ కొనడమంటే చొక్కాకు గుండీ కొనడం కాదు, సంబంధం కుదర్చడం. రెండు వైపులా వివరాలు తెలియాలి, ఎదురెదురుగా కూర్చోబెట్టి చూడాలి, అప్పుడే మాట ఇచ్చుకోవాలి. ఆథరైజ్డ్ డీలర్ దగ్గరికి వెళ్లమని చెప్పడం తేలిక. అక్కడికి ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలియకపోతే అక్కడ కూడా నష్టపోతాం.

ముందు బీరువా తెరవండి

చైన్ సాగిందంటాం కానీ స్టీలు సాగదు. ప్రతి లింకును పక్క లింకుతో కలిపే పిన్నులుంటాయి. చెమట, దుమ్ము, సబ్బు కలిసి ఆ పిన్నుల చుట్టూ ముద్దలా చేరతాయి. మెత్తటి గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు, ఆ ముద్ద ఏళ్ల తరబడి పిన్నునూ రంధ్రాన్నీ అరగదీస్తుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి చొప్పున పెరిగిన ఖాళీలన్నీ కలిసి చైన్‌ను వేలాడేస్తాయి. విశాఖ, కాకినాడల్లోలాగా ఉప్పుగాలీ చెమటా కలిసే ఊళ్లలో చైన్‌ను కడగకుండా వదిలేస్తే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

అందుకే కొత్త చైన్ గురించి ఆలోచించేముందు పాతదాన్ని శుభ్రం చేయించి చూడండి. నీళ్లు చొరబడని వాచీ అని గట్టిగా తెలిసి, కీ తిప్పే పక్క గుండీ, అంటే కిరీటం, పూర్తిగా బిగించి ఉంటేనే వాచీతో పాటు కడగాలి. ఏ మాత్రం అనుమానమున్నా చైన్‌ను విడదీయించి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు కలిపి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఆ తరవాత వాచీని అడ్డంగా, డయల్ పక్కకు చూసేట్టు పట్టుకోండి. చైన్ కాస్త వంగితే కంగారు లేదు. ఎండిన తీగలా కిందికి వాలిపోతే అప్పుడు మార్పు గురించి మాట్లాడుకోవచ్చు.

చాలాసార్లు మార్చాల్సింది చైన్ మొత్తం కాదు. లాక్ పట్టు సడలి ఉండవచ్చు, అది విడిగా దొరికే మోడళ్లు ఉన్నాయి. వాచీకీ చైన్‌కూ మధ్య ఉండే స్ప్రింగ్ పిన్నులు అరిగి ఉండవచ్చు. ఆ సన్నటి పిన్నే లక్షల రూపాయల వాచీని మీ చేతికి పట్టి ఉంచుతోంది. చైన్ బిగుతైందని మార్చాలనుకునేవాళ్లయితే ముందు బీరువా తెరవండి. వాచీ కొన్నరోజు షాపులో తీసేసిన లింకులు డబ్బాలోనో, నగల పెట్టె అడుగునో, పాత రసీదుల కవరులోనో ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాటి విలువ తెలియక పారేసినవాళ్లు ఒక్కో లింకుకు కంపెనీ అడిగే ధర విన్నాక బాధపడటం నేను చూశాను.

20 మిల్లీమీటర్లంటే ఏమీ చెప్పినట్టు కాదు

షాపులో మొదట వినిపించే మాట కొలత. లగ్గుల మధ్య దూరం 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి చెబుతారు. తోలు బెల్టుకు ఆ కొలత చాలు. లోహపు చైన్‌కు చాలదు. ఒక ఉదాహరణ చెబితే తేటగా అర్థమవుతుంది.

రోలెక్స్ డేట్‌జస్ట్ 1945లో వచ్చింది. 1905లో మొదలైన ఆ సంస్థకు అది నలభయ్యో ఏడు, అందుకే దానితోపాటు వచ్చిన ఐదు వరసల సన్న లింకుల చైన్‌కు జూబిలీ అని పేరు పెట్టారు. ఆ మోడల్ దశాబ్దాలుగా వస్తూనే ఉంది. చాలా ఇళ్లలో కనిపించే పాత 1601 డేట్‌జస్ట్‌కు ఉండే జూబిలీ చైన్ నంబరు 6251హెచ్, దాని చివర కేసును తాకే ఎండ్ లింకు నంబరు 55. తరవాతి తరం వాచీలకు వచ్చిన జూబిలీ నంబరు 62510హెచ్, దాని ఎండ్ లింకులు 455 లేదా 555. రెండు తరాల వాచీలూ 36 మిల్లీమీటర్లే, లగ్గుల మధ్య దూరం రెండింటికీ 20 మిల్లీమీటర్లే. కంటికి చైన్లు కవలల్లా ఉంటాయి. అయినా నంబర్లు వేరు, ఎండ్ లింకులు వేరు. కేసు గుండ్రటి అంచుకు సరిపడేలా ఆ లింకు వంపు ఉండాలి, స్ప్రింగ్ పిన్ను రంధ్రం ఎక్కడుందో దానికి తగ్గట్టు లోపలి గొట్టం ఉండాలి. ఈ రెండింట్లో ఏది పిసరంత తేడా వచ్చినా మా నాన్నగారి వాచీకి జరిగిందే జరుగుతుంది.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్‌ను చూడండి. 2021లో కొత్త యంత్రంతో పాటు కొత్త చైన్ కూడా వచ్చింది. లగ్గుల దగ్గర 20 మిల్లీమీటర్లతో మొదలై లాక్ దగ్గరికి 15కు సన్నబడుతుంది. పాతది అంతగా సన్నబడేది కాదు. రెండింటినీ 20 మిల్లీమీటర్ల ఒమేగా చైన్ అనే పిలుస్తారు.

కాబట్టి షాపుకు బయల్దేరేముందు మీ వాచీని చదవాలి. నాలుగు నంబర్లు కావాలి. ఒకటి వాచీ మోడల్ నంబరు, అంటే రిఫరెన్స్. అది వారంటీ కార్డు మీదో, వెనక మూత మీదో ఉంటుంది. పాత రోలెక్స్‌లలో అయితే 12 అంకె వైపు లగ్గుల మధ్య, చైన్ తీస్తేనే కనిపించే చోట చెక్కి ఉంటుంది. రెండోది సీరియల్ నంబరు. ఆ పాత రోలెక్స్‌లలోనే ఇది 6 అంకె వైపున ఉంటుంది. మూడోది చైన్ నంబరు, ఎక్కువగా లాక్ తెరిస్తే లోపలి పట్టీ మీద కనిపిస్తుంది. నాలుగోది ఎండ్ లింకు నంబరు, దాని వెనకవైపునో అంచునో ఉంటుంది. వీటికోసం మీరు ఇంట్లో సూదులతో, కత్తి మొనలతో చైన్ ఊడదీయకండి. తెరిచి చూడగలిగినవాటికి పగటి వెలుగులో ఫోటోలు తీసుకోండి, మిగతావి షాపులో మీ కళ్లముందే తీయించి రాసుకోండి.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర. చాలాకాలం వాచీ తయారుచేసినవాళ్లు చైన్ తయారుచేసేవాళ్లు కారు. జెనీవాలోని గే ఫ్రేర్ అనే సంస్థ ఎందరో పెద్ద పెద్ద వాచీ కంపెనీలకు చైన్లు చేసిచ్చేది. 1998లో దాన్ని రోలెక్స్ కొనేసింది. అందుకే పాత వాచీ చైన్ మీద మీకు కంపెనీ పేరుతో పాటు అర్థంకాని గుర్తులు కనిపిస్తే వెంటనే నకిలీ అనుకోకండి. అవి దాన్ని చేసినవాళ్ల ముద్రలు కావచ్చు, ఆ ముద్రల వల్లే ఆ చైన్‌కు విలువ పెరిగి ఉండవచ్చు.

బోర్డు చూసి లోపలికి వెళ్లకండి

షాపు మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన అది ఆథరైజ్డ్ డీలర్ కాదు. ఒకప్పుడు డీలరై, ఒప్పందం ముగిశాక కూడా బోర్డు దించనివాళ్లు ఉంటారు. పది కంపెనీల వాచీలు అమ్ముతూ ఏడింటికే అనుమతి ఉన్నవాళ్లు ఉంటారు. దీనికి ఒకటే దారి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో షాపుల జాబితా ఉంటుంది, మీ ఊరు పేరు కొట్టి చూడండి. ఆ జాబితాలో లేని షాపు యజమాని మీకు ఎంత దగ్గరి బంధువైనా, ఆ కంపెనీకి సంబంధించినంత వరకు బయటివాడే.

ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. అమ్మే డీలర్ వేరు, విడిభాగాలు వేసే సర్వీస్ సెంటర్ వేరు. కొన్ని చోట్ల రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి, కొన్ని చోట్ల డీలర్ మీ వాచీని తీసుకుని ఇంకో ఊళ్లో ఉన్న సర్వీస్ సెంటర్‌కు పంపుతాడు. అలా పంపేట్టయితే వాచీ ఎవరి పూచీ మీద వెళ్తోందో, దారిలో బీమా ఉందో లేదో అడగండి. రసీదు మీద వాచీ సీరియల్ నంబరు, దాని మీద ఇప్పటికే ఉన్న గీతలు, చైన్‌లో ఉన్న లింకుల సంఖ్య రాయించుకోండి. ఇది అపనమ్మకం కాదు. మంచి షాపువాళ్లే మనకన్నా ముందు ఇవన్నీ రాస్తారు.

అందరి దగ్గరా ఒకే పద్ధతి ఉండదన్నది మనవాళ్లకు చాలామందికి తెలియదు. కొన్ని కంపెనీలు చైన్‌ను అదనపు అలంకారంగా చూస్తాయి. మోడల్ నంబరు చెప్పి డబ్బు కడితే తెప్పించి ఇస్తాయి. కార్టియే 2018లో తెచ్చిన సాంతోస్, వాషెరాన్ కాన్‌స్టాంటిన్ 2016లో తెచ్చిన ఓవర్‌సీస్ లాంటివాటికి చైన్, బెల్టు ఇంట్లోనే మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది. మరికొన్ని కంపెనీలు చైన్‌ను వాచీ శరీరంలో భాగంగా చూస్తాయి. వాచీని తెచ్చి చూపించనిదే మాట్లాడవు. పాతది తీసుకునే కొత్తది ఇస్తామంటాయి. రోలెక్స్ చైన్ విషయంలో డీలర్లు వాచీని చూపించమని అడగడం మామూలు. మొదటిసారి విన్నవాళ్లకు కోపం వస్తుంది, డబ్బిస్తానంటే అమ్మడానికేమిటి అభ్యంతరం అని. విడిగా అమ్మిన అసలు చైన్లు నకిలీ వాచీలకు ఎక్కుతాయి. ఆ కట్టడి మీ చేతి మీద ఉన్న అసలు వాచీ విలువను కూడా కాపాడుతోంది. నాకైతే అది న్యాయంగానే అనిపిస్తుంది.

దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న తమ్ముడికి నంబరు పంపి తెప్పించుకుందామనుకునేవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాచీ ఇక్కడుండి మనిషి అక్కడుంటే చాలా కౌంటర్లలో పని జరగదు. జరిగినా చైన్‌ను చేతికి అమర్చి చూసే అవకాశం పోతుంది. తెప్పించుకుంటే మాత్రం బిల్లు వెంట ఉండాలి, విమానాశ్రయంలో కస్టమ్స్‌కు చెప్పాల్సిన విలువ ఉంటే చెప్పాలి.

ఇక చైన్ వాచీ శరీరంలోనే కలిసిపోయిన మోడళ్లు ఉన్నాయి. జెరాల్డ్ జెంటా గీసిన ఆడెమార్ పిగే రాయల్ ఓక్ 1972లో, పటెక్ ఫిలిప్ నాటిలస్ 1976లో వచ్చాయి. కేసు ఎక్కడ ముగిసి చైన్ ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు ఉంటాయి. వీటికి లగ్గుల కొలత అన్న మాటే వర్తించదు. కంపెనీ తప్ప వేరే దిక్కు లేదు. ఇలాంటి వాచీ కొనేటప్పుడే చైన్ మార్పు ఖర్చు కూడా వాచీ ఖర్చులో భాగమే అనుకోవాలి.

వాచీ ఇంకా కొనని పాఠకులకు ఒక మాట. చైన్ ఉన్న మోడల్, తోలు బెల్టు ఉన్న మోడల్ రెండూ ఉంటే, డబ్బు సరిపోయేట్టయితే చైన్ ఉన్నదే తీసుకోండి. కొనేటప్పుడు ఆ రెండింటి ధరల మధ్య ఉండే తేడా చిన్నది. బెల్టు వాచీ కొని తరవాత చైన్ విడిగా తెప్పించుకుంటే అయ్యే ఖర్చు సాధారణంగా దానికన్నా చాలా ఎక్కువ. చైన్ ఉన్న వాచీకి బెల్టు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

పాతది నాకు కావాలి అని చెప్పండి

ఈ అధ్యాయంలో ఒక్క పేరానే గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక.

మా మేనమామ కొడుకు తన పెళ్లినాటి వాచీని సర్వీసుకిచ్చి, చైన్ కూడా మార్చమన్నాడు. రెండు నెలలకు వాచీ మెరుస్తూ వచ్చింది. పాత చైన్ రాలేదు. అడిగితే అతను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. మార్చిన భాగాలు సంస్థ దగ్గరే ఉంటాయని అందులో సన్నటి అక్షరాల్లో ఉంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, అతను చదవలేదు. ఆ పాత చైన్ వాచీతోపాటే పుట్టింది. దాని మీది నంబర్లు వాచీ కాలానికి సరిపోయేవి. అది పోవడంతో ఆ వాచీ అమ్మకం విలువ తగ్గింది. అంతకన్నా, పెళ్లిపీటల మీద అతని చేతికి మామగారు తొడిగిన వస్తువులో సగం పోయింది. ఆ సగం గురించి అతను ఇప్పటికీ తక్కువగా మాట్లాడతాడు.

కాబట్టి వాచీ కౌంటర్ మీద పెట్టకముందే అడగండి. పాత చైన్ తిరిగి ఇస్తారా? ఇవ్వరంటే, ఇవ్వాలంటే అదనంగా ఎంత? ఇవ్వడం అసలు కుదరదంటే ఒక్క క్షణం ఆగండి. వాచీ పాతదైతే, ముఖ్యంగా ఆ చైన్ దానితో పుట్టిందైతే, మార్చడంకన్నా బాగుచేయించడమే మంచిది కావచ్చు. అరిగిన లింకు రంధ్రాలకు కొత్త పిన్నులు, గొట్టాలు వేసి చైన్‌ను మళ్లీ బిగువుగా చేసే పనివాళ్లు ఉన్నారు. ఓపిక, ఖర్చు రెండూ కావాలి. తిరిగి ఇస్తామంటే ఆ మాటను రసీదు మీద రాయించుకోండి. నోటిమాట ఇచ్చిన అమ్మాయి మీరు మళ్లీ వెళ్లేసరికి ఇంకో షాపులో పనిచేస్తూ ఉండవచ్చు.

బంగారు చైన్ అయితే ఈ జాగ్రత్త పదింతలు. మన ఇళ్లలో బంగారమంటే 22 క్యారెట్లు, 916 ముద్ర. స్విస్ వాచీల్లో వాడేది 18 క్యారెట్ల బంగారం, దాని ముద్ర 750. రాగి ఎక్కువ కలిపిన గులాబీ రంగు బంగారానికి ఒక్కో కంపెనీది ఒక్కో పాళ్లు. రోలెక్స్ దాన్ని ఎవరోజ్ అంటుంది, ఒమేగా సెడ్నా అంటుంది. ఒక లింకు తెగితే మన కంసాలి అతికించి ఇస్తాడని చాలామంది ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయన పనితనం గొప్పదే, కానీ ఆయన చేతిలో అలవాటైన లోహం వేరు. అతుకు రంగు తేలిపోతుంది, వేడికి పక్క లింకు కదలిక బిగుసుకుపోతుంది. కంపెనీకే ఇవ్వండి. ఇచ్చేముందు చైన్‌ను మీ ఎదుట తూకం వేయించి గ్రాములు రసీదులో రాయించండి. కొత్త చైన్‌కు బదులుగా పాతది వాళ్లు తీసుకుంటుంటే, ఆ బంగారం విలువ ధరలో తగ్గించారా లేదా అని మొహమాటం లేకుండా అడగండి. నగల షాపులో ప్రతి మిల్లీగ్రాముకు లెక్క అడిగే మన ఇంటి ఆడవాళ్లను ఆ రోజు వెంట తీసుకెళ్లడం మంచిదని నా నమ్మకం. స్విస్ పేరు చూసి వాళ్లు తలొంచరు.

రాడో సంగతి వేరు. ఎనభైలు, తొంభైల్లో మన పెళ్లిళ్లలో అల్లుడి చేతికి రాడో పెట్టడం ఒక గౌరవం. 1986లో ఇంటిగ్రల్ మోడల్‌తో ఆ కంపెనీ సెరామిక్ వాడకం మొదలుపెట్టింది. సెరామిక్ మీద గీతలు దాదాపు పడవు. కానీ పాలరాతి నేల మీద జారిపడితే స్టీలులా సొట్టపడదు, పగులుతుంది. అలాంటి చైన్‌లో ఒక లింకు పగిలితే మొదట ఆ ఒక్క లింకు దొరుకుతుందా అని అడగండి. మొత్తం మార్చాలన్న మాట మొదటి జవాబుగా వస్తే, సర్వీస్ సెంటర్‌ను నేరుగా కూడా ఒకసారి అడిగి చూడండి.

డబ్బు కట్టేముందు

ధర చెప్పగానే అందులో ఏమేం ఉన్నాయో విడగొట్టమనండి. లాక్ కలిపా, లేకుండానా? ఎండ్ లింకులు ఉన్నాయా? స్ప్రింగ్ పిన్నులు కొత్తవి ఇస్తారా? పూర్తి పొడవుతో వస్తుందా, తక్కువ లింకులతో వస్తుందా? జీఎస్టీ కలిసిందా? అమర్చడానికి విడిగా తీసుకుంటారా? ఒకే చైన్‌కు రెండు షాపుల్లో రెండు ధరలు వినిపించినప్పుడు చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది. ఒకరు లాక్ లేకుండా చెప్పి ఉంటారు.

అడ్వాన్సు అడుగుతారు, అది మామూలే. చైన్ రాకపోతే, లేదా వచ్చాక వాచీకి సరిపోకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా అన్నది ఆ రోజే తేల్చుకోవాలి. ఎన్ని వారాలు పడుతుందో కూడా కాగితం మీద ఉండాలి. రెండు లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం మన చట్టం ప్రకారం కుదరదు. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ చూపించాలి. బంగారు చైన్ల విషయంలో ఈ అంకె చాలా తేలిగ్గా దాటిపోతుంది. బిల్లు లేకపోతే కాస్త తగ్గిస్తాం అన్న మాట వినిపించిందంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. బిల్లు మీద చైన్ భాగం నంబరు, మీ వాచీ సీరియల్ నంబరు రెండూ ఉండాలి. రేపు ఎప్పుడైనా ఇది అసలు చైనే అని రుజువు చేసేది ఆ కాగితమే.

చైన్ వచ్చాక అక్కడే, మీ ముందే అమర్చమనండి. మంచి పనివాడు మొదట లగ్గుల మీద సన్నటి టేపు అంటిస్తాడు, గీతలు పడకుండా. అంటించకుండానే సాధనం చేతిలోకి తీసుకుంటే మర్యాదగా ఆపి అడగండి. లింకుల వెనక చిన్న బాణం గుర్తులుంటే పిన్ను ఆ దిక్కుగానే బయటికి వస్తుంది. మరలుండే చైన్లయితే సరైన స్క్రూడ్రైవర్ కావాలి, లేకపోతే మర తల చెదిరిపోతుంది. అమర్చాక ఎండ్ లింకును వేలితో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కేసుకు అంటుకుని నిలబడాలి. వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే రెండు వైపులా సందు ఒకేలా ఉండాలి.

బిగువు సంగతి మన వాతావరణాన్ని బట్టి చూసుకోవాలి. డిసెంబరులో ఏసీ షాపులో సరిపోయిన చైన్, మే నెలలో మధ్యాహ్నం మణికట్టు మీద ఒత్తుగా గుర్తు వేస్తుంది. కాబట్టి లాక్ లోపల చిన్న సర్దుబాటుకు ఏముందో అడిగి నేర్చుకోండి. రోలెక్స్ ఈజీలింక్‌తో చైన్‌ను సాధనం లేకుండానే 5 మిల్లీమీటర్లు పెంచుకోవచ్చు. కొన్ని లాక్‌లలో పక్కన చిన్న రంధ్రాల వరస ఉంటుంది, పిన్నును ఒక రంధ్రం జరిపితే సరిపోతుంది. చైన్ కిందికి చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉంటే నాకు హాయిగా ఉంటుంది. లాక్ మణికట్టు మధ్యలోకి వచ్చేలా రెండు వైపులా లింకులు తీయమనండి. మామూలుగా 6 అంకె వైపు కాస్త తక్కువ లింకులు ఉంచితే అలా కుదురుతుంది. తీసిన లింకులు, పిన్నులు లెక్కపెట్టి తీసుకోండి.

నాన్నగారి వాచీకి చివరకు చైన్ ఆథరైజ్డ్ డీలర్ ద్వారానే వచ్చింది. ఆ మోడల్ చైన్ తయారీ ఎప్పుడో ఆగిపోయిందనీ, దాని స్థానంలో కంపెనీ సర్వీసు కోసం ఉంచిన చైన్ ఉందనీ చెప్పారు. నాలుగు నెలలు పట్టింది. ఆయన వాచీ కొన్న ధరకు ఎన్నో రెట్లు అయింది. నేను ఒక్క షరతే పెట్టాను, నాన్నగారి పాత చైన్ నాతోనే ఉండాలని. ఆ మాట రసీదు మీద రాసి ఇచ్చారు, అలాగే జరిగింది. కౌంటర్ వెనక కుర్రాడు కొత్త చైన్‌లోంచి రెండు లింకులు తీసి, కవరులో వేసి నాకిచ్చాడు. పాత చైన్ పక్కన పెట్టి చూస్తే అర్థమైంది, నాన్నగారి మణికట్టు నాదానికన్నా సరిగ్గా ఆ రెండు లింకులు పెద్దది.

వారం తరవాత మళ్లీ ఆ షాపుకు వెళ్లాను. కొత్త చైన్ మరలు మొదటి రోజుల్లో కాస్త వదులవుతాయి, ఒకసారి బిగించి చూడమనాలి. కుర్రాడు చూశాడు. ఒక మర పావు చుట్టు తిరిగింది.